పంతులమ్మ ఉద్యోగం - ఎవరికి హక్కు? ఎవరికి దయ?

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది పల్లెల్లో పనిచేస్తున్నారు. ఇంటర్ పాసైన అమ్మాయి కనిపిస్తే డి.ఎడ్. చదవమని, డిగ్రీ అయిన అమ్మాయి కనిపిస్తే బి.ఎడ్. చదవమని చెబుతుంటారు. తల్లిదండ్రులు కూడా తొందరగానే ఒప్పుకుంటారు. "ఆడపిల్లకు టీచరు ఉద్యోగమే మేలమ్మా, సాయంత్రానికి ఇంటికొస్తుంది, ఎండాకాలం సెలవులుంటాయి" అంటారు. ఆ మాటలో ఉన్న మర్మం మీకు తెలియంది కాదు. ఉద్యోగం చేసినా వంట, పిల్లలు, ముసలివాళ్ల సేవ ఆమె నుంచి పోకూడదన్నదే దాని అర్థం. అయినా సరే, ఆ తలుపు గుండా లక్షలమంది ఆడవాళ్లు బయటికొచ్చారు. నేనూ అలాగే వచ్చాను. అందుకే ఆ తలుపును నేను తక్కువ చేసి మాట్లాడను.

అయితే మనం ఒక పొరపాటు చేస్తున్నాం. అమ్మాయికి బడిలో ఉద్యోగం దొరికిందని వినగానే సంతోషించి మన పని అయిపోయిందనుకుంటున్నాం. అది ఏ రకం ఉద్యోగమని అడగడం లేదు. ఈరోజు నేను ఆ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాను.

ఇద్దరు అమ్మాయిల సంగతి చెబుతాను. ఇద్దరూ మా ప్రాంతం వాళ్లే. ఒకే కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చుని డి.ఎడ్. చదివారు. ఇద్దరూ డి.ఎస్.సి. రాశారు. ఒకమ్మాయికి పోస్టు వచ్చింది, ఎస్.జి.టి.గా చేరింది. రెండో అమ్మాయికి ఒక మార్కు లోపల పోయింది. ఆమె తన ఊరి బడిలో విద్యా వాలంటీరుగా చేరింది. మొదటి అమ్మాయి మూడు, నాలుగు తరగతులకు లెక్కలు చెప్పేది. రెండో అమ్మాయీ అవే తరగతులకు అవే లెక్కలు చెప్పేది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు ఇద్దరినీ ఒకే ప్రశ్నలు వేసేవాళ్లు.

తెలంగాణలో 2015 పి.ఆర్.సి. స్కేలు ప్రకారం ఎస్.జి.టి. మూలవేతనం 21,230 రూపాయల దగ్గర మొదలయ్యేది. దాని మీద కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం వేరు. అదే కాలంలో విద్యా వాలంటీరుకు నెలకు 12,000. డి.ఎ. లేదు, ఇంక్రిమెంటు లేదు. ఏప్రిల్‌లో బడి మూస్తే ఆమె కూడా ఇంటికే. మళ్లీ బడి తెరిచాక రెన్యువల్ అయితేనే ఉద్యోగం.

ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి. ఇద్దరూ ఒకే ఏడాది గర్భవతులయ్యారు. మొదటి అమ్మాయి అర్జీ పెట్టుకుంది, 180 రోజులు పూర్తి జీతంతో ఇంట్లో ఉంది, బిడ్డకు పాలిచ్చి తిరిగి బడికి వెళ్లింది. రెండో అమ్మాయి ఏడో నెల దాకా పనిచేసింది. తర్వాత ఆమె స్థానంలో ఇంకొకరిని తీసుకున్నారు. తీసేస్తున్నామని ఎవరూ కాగితం ఇవ్వలేదు. రిజిస్టరులో ఆమె పేరు రాయడం మానేశారు, అంతే. నేను కలిసినప్పుడు ఆ అమ్మాయి నాతో అన్నది: "అక్కా, నన్ను తీసేశారని కూడా చెప్పుకోలేను. నేనే మానేశానని అందరూ అనుకుంటున్నారు."

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. చదువు ఒకటే, పని ఒకటే, ప్రసవం ఒకటే. తేడా ఎక్కడుంది? ఒకరికి పోస్టు ఉంది, ఒకరికి పని మాత్రమే ఉంది. పోస్టు ఉన్నవాళ్లకు సెలవు హక్కు. పని మాత్రమే ఉన్నవాళ్లకు అది పైవాళ్ల దయ.

పోస్టు అంటే ఏమిటో వివరంగా చూద్దాం. మొదటిది వేతన స్కేలు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో అమలైన పి.ఆర్.సి. ప్రకారం ఎస్.జి.టి. స్కేలు 32,670 నుంచి 1,01,970 వరకు, స్కూల్ అసిస్టెంటుది 44,570 నుంచి 1,27,480 వరకు. తెలంగాణ 2020 పి.ఆర్.సి.లో ఇవి 31,040 నుంచి 92,050 వరకు, 42,300 నుంచి 1,15,270 వరకు. ఈ అంకెల్లో ముఖ్యమైనది మొదటి సంఖ్య కాదు, రెండో సంఖ్య. స్కేలు ఉన్న మనిషి ఏటేటా మెట్టు ఎక్కుతుంది. కన్సాలిడేటెడ్ జీతం మనిషి పదేళ్లయినా అదే మెట్టు మీద నిలబడి ఉంటుంది, ధరలు మాత్రం ఎక్కిపోతుంటాయి.

రెండోది సెలవులు. ప్రసూతి సెలవు ఉమ్మడి రాష్ట్రంలో 2010లో 120 రోజుల నుంచి 180 రోజులయింది. గర్భస్రావం జరిగితే ఆరు వారాల సెలవు ఉంది. మహిళా టీచర్లకు ఏటా అదనంగా ఐదు రోజుల క్యాజువల్ సెలవు 1996 నుంచి ఉంది. పిల్లల సంరక్షణ సెలవు తెలంగాణలో 2016లో 90 రోజులు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది 60 రోజులు ఇచ్చి, 2022లో 180 రోజులు చేశారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి 2008 నుంచే 730 రోజులు ఉందని గుర్తుంచుకుంటే మనం ఇంకా ఎంత అడగాలో తెలుస్తుంది. ఇవేవీ ఎవరో జాలిపడి ఇచ్చినవి కావు. సంఘాలు ధర్నాలు చేస్తే, ఆడవాళ్లు సంఘాల్లో ఉండి పదే పదే అడిగితే ఒక్కొక్క జి.ఓ.గా వచ్చినవి.

మూడోది ప్రవేశంలో వాటా. 1980లలో మన రాష్ట్రం ఉద్యోగాల్లో స్త్రీలకు 30 శాతం రిజర్వేషన్ తెచ్చింది. అది చెల్లదని కోర్టుకెళ్లారు. 1995లో సుప్రీంకోర్టు ఆ రిజర్వేషన్ రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పింది. ఆర్టికల్ 15(3) స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి ప్రభుత్వానికి అధికారమిస్తుందని, ఉద్యోగాలు కూడా అందులోకి వస్తాయని స్పష్టం చేసింది. తర్వాత వాటా మూడో వంతయింది. ఈనాడు దేశంలో అన్ని రకాల బడులూ కలిపి చూస్తే టీచర్లలో 54 శాతం స్త్రీలేనని 2024-25 యుడైస్ లెక్కలు చెబుతున్నాయి.

ఈ అంకె విని సంబరపడే ముందు ఒక మాట. ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చిన చోటనే పోస్టు తరిగిపోయి పని మిగలడం మనం చూస్తున్నాం. దీనికి పాత చరిత్రే ఉంది. 1980లలో నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లను పెట్టారు. ఆ కాలాన్ని సర్వీసులో ఎలా లెక్కకట్టాలన్న గొడవ ఏళ్ల తరబడి నడిచింది. ఆ తర్వాత డి.ఎస్.సి.లో నెగ్గినవాళ్లకు కూడా అప్రెంటిస్ అని పేరు పెట్టి మొదట్లో స్టైపెండు మాత్రమే ఇచ్చారు. 1990ల చివర విద్యా వాలంటీర్లు వచ్చారు. వాలంటీరు అన్న పేరులోనే కిటుకు ఉంది. స్వచ్ఛందంగా వచ్చినదానికి జీతమేమిటి, సెలవేమిటి అనడానికి అది వీలు కల్పిస్తుంది. తెలంగాణలో 2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డప్పుడు వాళ్లను మళ్లీ తీసుకోలేదు. వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. కూలికి వెళ్లినవాళ్లున్నారు, కూరగాయలమ్మినవాళ్లున్నారు.

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల సంగతి చూడండి. 2004లో మొదలయ్యాయి. చదువు మానేసిన, చదువుకు దూరమైన ఆడపిల్లల కోసం పెట్టిన వసతి బడులు. వాటిలో పాఠం చెప్పేవాళ్లంతా ఆడవాళ్లే. పగలు తరగతి, రాత్రి వంతులవారీగా పిల్లలకు కాపలా. పిల్లకు జ్వరమొస్తే ఆసుపత్రికి మోసుకెళ్లేది వాళ్లే. పూర్తిగా స్త్రీలే పనిచేసే ఈ బడిని మొదటి నుంచీ కాంట్రాక్టు మీద నడపడం యాదృచ్ఛికం అంటారా? ఆడపిల్లల దగ్గర ఉండి చూసుకోవడం ఆడవాళ్లకు సహజం కాబట్టి దానికి స్కేలు అక్కరలేదన్న ఆలోచన దాని వెనుక ఉంది. ఇంట్లో మన చాకిరీకి లెక్క లేనట్టే ఇక్కడా లేదు. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో, 2024 డిసెంబరులో తెలంగాణలో సమగ్ర శిక్ష ఉద్యోగులు వారాల తరబడి సమ్మె చేశారు. ఆ శిబిరాల్లో చంటిపిల్లలతో కూర్చున్నవాళ్లలో ఈ కస్తూర్బా టీచర్లే ఎక్కువగా కనిపించారు.

ఇక పోస్టు కోసం ఎదురుచూపు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ నియామకాలు జరిగింది 2025లో, 16,347 పోస్టులతో. తెలంగాణలో 2017 తర్వాత 2024లో, 11,062 పోస్టులతో. రెండు చోట్లా ఏడేళ్ల విరామం. ఆ ఏడేళ్లలో మగపిల్లవాడు కోచింగుకు హైదరాబాదో, అవనిగడ్డో వెళ్లి గది తీసుకుని చదువుకుంటాడు. ఆడపిల్లకు ఆ ఏడేళ్లలో పెళ్లవుతుంది, ఇద్దరు పిల్లలు పుడతారు. "ఇంకెన్నాళ్లు చదువుతావు" అన్న మాట అత్తింట్లో రోజూ వినాలి. నోటిఫికేషన్ ఆలస్యమైతే నిరుద్యోగి అందరికీ నష్టమే, కానీ ఆడపిల్లకు ఆ నష్టం మళ్లీ పూడదు. ఏటేటా డి.ఎస్.సి. జరపాలన్న డిమాండును మనం నిరుద్యోగుల సంఘాలకు వదిలేశాం. అది మహిళా సంఘాల డిమాండు కూడా కావాలి.

ఆలస్యం వల్ల పింఛను కూడా ఎలా పోతుందో చూడండి. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు పాత పింఛను తీసేసి సి.పి.ఎస్. పెట్టారు. 2003 డి.ఎస్.సి. వాళ్లు అంతకు ముందు వచ్చిన నోటిఫికేషన్‌కే పరీక్ష రాశారు. నియామకాలు 2005కు జరిగాయి. ఆలస్యం చేసింది ప్రభుత్వం, పింఛను పోయింది వాళ్లకు. కేంద్రం తన ఉద్యోగుల్లో ఇలాంటివాళ్లకు, అంటే కొత్త పింఛను ప్రకటనకు ముందే నోటిఫై అయిన పోస్టుల్లో చేరినవాళ్లకు, 2023 మార్చిలో పాత పింఛను కోరుకునే అవకాశం ఇచ్చింది.

పాత పద్ధతిలో 33 ఏళ్ల సర్వీసుంటే చివరి మూలవేతనంలో సగం పింఛను, దాని మీద కరువు భత్యం. సి.పి.ఎస్.లో మూలవేతనం, డి.ఎ. కలిపి 10 శాతం మన జీతంలో కోస్తారు, ప్రభుత్వం తన వంతు కలుపుతుంది. ఆ డబ్బు మార్కెట్‌లో పెడతారు. రిటైరయినప్పుడు పోగైనదాంట్లో కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి, దాని మీద వచ్చేదే నెల నెలా పింఛను. దీన్ని ఆడవాళ్ల వైపు నుంచి ఆలోచించండి. ఆలస్యంగా చేరుతుంది కాబట్టి తక్కువ ఏళ్లు పోగవుతుంది. పిల్లవాడికి జబ్బు చేస్తే, అత్తగారు మంచాన పడితే జీతం లేని సెలవు పెట్టేది ఆమే, ఆ నెలల్లో పింఛను ఖాతాలో ఏమీ పడదు. సాధారణంగా మగవాళ్ల కంటే ఎక్కువ కాలం బతికేదీ ఆమే. అంటే తక్కువ సొమ్ముతో ఎక్కువ ఏళ్లు గడపాలి. సి.పి.ఎస్. రద్దు ఉద్యోగులందరి సమస్యే అయినా అందులో ఆడవాళ్ల బరువు వేరు. ఈ లెక్క సంఘాల వేదికల మీద ఇంకా సరిగా వినిపించడం లేదు.

ప్రసూతి సెలవు గురించి ఇంకొక మాట చెప్పాలి. ఇద్దరు పిల్లలు బతికి ఉంటే మూడో కాన్పుకు సెలవు లేదన్న నిబంధన చాలా కాలం ఉంది. జనాభా తగ్గాలి కాబట్టి అలా పెట్టామన్నారు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంతమంది పిల్లలున్నా సెలవు ఇస్తామన్నది. ఇప్పుడు జనాభా పెరగాలట! సెలవు వచ్చినందుకు సంతోషమే. కానీ వాళ్లకు పిల్లలు వద్దనుకున్నప్పుడు సెలవు ఆపి, కావాలనుకున్నప్పుడు ఇస్తే అది హక్కెలా అవుతుంది? మన గర్భం వాళ్ల జనాభా లెక్కల పుస్తకం కాదు.

ఈ విషయంలో మనకు ఆసరాగా నిలిచే తీర్పు ఒకటి వచ్చింది. తమిళనాడులో కె. ఉమాదేవి అనే ప్రభుత్వ బడి ఇంగ్లీషు టీచరు రెండో పెళ్లి తర్వాత ప్రసవానికి సెలవు అడిగింది. మొదటి పెళ్లిలో ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి కుదరదన్నారు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 మే 23న కోర్టు ఆమెకు సెలవు ఇవ్వాలన్నది. ప్రసూతి సెలవు స్త్రీ పునరుత్పత్తి హక్కుల్లో భాగమని చెప్పింది. ఒక బడి టీచరు వెనక్కి తగ్గకపోవడం వల్ల దేశమంతటికీ ఆ మాట దక్కింది.

కాంట్రాక్టు అక్కచెల్లెళ్లకు కూడా చట్టంలో దారి లేకపోలేదు. 2000 మార్చి 8న, సరిగ్గా మహిళా దినం నాడే, ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్ రోల్ మీద పనిచేసే స్త్రీల కేసులో సుప్రీంకోర్టు ప్రసూతి సౌకర్యం పర్మినెంటు కానివాళ్లకు కూడా వర్తిస్తుందన్నది. వాళ్లు మట్టి పని చేసే కూలీలు. 2016 అక్టోబరులో పంజాబ్ రాష్ట్రానికి, జగ్‌జీత్ సింగ్‌కు మధ్య నడిచిన కేసులో ఇంకో తీర్పు వచ్చింది. రెగ్యులర్ ఉద్యోగితో సమానమైన పని చేసే తాత్కాలిక ఉద్యోగికి రెగ్యులర్ స్కేలులోని కనీస వేతనం ఇవ్వాలని అందులో చెప్పారు. తక్కువ జీతానికి ఎవరూ ఇష్టపడి ఒప్పుకోరని, ఇల్లు గడవక ఒప్పుకుంటారని కోర్టు గుర్తించింది. "నువ్వు సంతకం పెట్టావు కదా" అనే అధికారికి ఇదే జవాబు. అయితే 2006లో కర్ణాటక కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు వల్ల పర్మినెంటు చేయమని అడగడం కష్టమయింది. కాబట్టి అన్నీ కోర్టులోనే తేలతాయనుకోవద్దు. సమాన జీతానికి, సెలవుకు తీర్పు చేతిలో ఉంది. పర్మినెంటు కావడానికి వీధిలోకి రావలసిందే.

కొత్తగా టెట్ బెంగ ఒకటి పట్టుకుంది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ఎప్పుడో ఉద్యోగంలో చేరినవాళ్లు కూడా, రిటైర్మెంటుకు ఐదేళ్ల కంటే ఎక్కువ ఉంటే, రెండేళ్లలో టెట్ పాస్ కావాలి. ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లు కొనసాగవచ్చు గానీ ప్రమోషన్ కావాలంటే టెట్ తప్పదు. యాభై ఏళ్ల టీచరమ్మ బడి చూసుకుని, ఇల్లు చూసుకుని, రాత్రి పదింటికి పుస్తకం ముందు కూర్చుంటోంది. మగ టీచరు పరీక్షకు చదువుతుంటే ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది. ఆమె చదువుతుంటే "అన్నం పెట్టి చదువుకో" అంటారు. మీరు పనిచేసే ఊళ్లలో నలుగురు టీచర్లు కలిసి చదువుకోవడానికి ఆదివారం ఒక గది చూపించండి. అది చిన్న పనేం కాదు.

చివరగా, పోస్టు ఉన్న మన టీచర్ల సంగతి. హక్కు వచ్చింది గానీ దాన్ని చేతిలోకి తీసుకోని వాళ్లను చాలామందిని చూశాను. ఎ.టి.ఎం. కార్డు భర్త జేబులో ఉంటుంది. సర్వీసు రిజిస్టరు ఎలా ఉంటుందో పదిహేనేళ్ల సర్వీసులో ఒక్కసారీ చూడని వాళ్లున్నారు. మీరు ఏ టీచరును కలిసినా ఈ నాలుగు అడగండి.

ఒకటి, సర్వీసు రిజిస్టరు తెరిపించి ప్రసూతి సెలవు, ఇంక్రిమెంట్లు సరిగా ఎక్కాయో లేదో చూసుకున్నావా? ప్రసూతి సెలవు ఇంక్రిమెంటుకు అడ్డం కాదు. ఆ పేరు చెప్పి వెనక్కి జరిపితే అడగాలి. రెండు, నామినేషన్ ఎవరి పేర ఉంది? పెళ్లికి ముందు రాసిందా, తర్వాత రాసిందా, పిల్లల పేర్లున్నాయా? మూడు, జీతం పడే ఖాతా నీ చేతిలో ఉందా? నాలుగు, నీ బడిలో కాంట్రాక్టు మీద పనిచేసే టీచరుకు ఎంత జీతమో నీకు తెలుసా?

కాంట్రాక్టు వాళ్లకైతే వేరే మాట చెప్పండి. నియామక కాగితం జిరాక్సు, హాజరు పట్టీ నకలు, జీతం పడిన బ్యాంకు పుస్తకం దాచుకోమనండి. కాగితం ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టించండి, 30 రోజుల్లో జవాబు రావాలి. గర్భవతిగా ఉన్నప్పుడు సెలవు నోటితో అడగొద్దు. రాసి ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోమనండి. అప్పుడు "తనే మానేసింది" అనడానికి వీలుండదు.

నేను చెప్పిన రెండో అమ్మాయి దగ్గర అలాంటి కాగితం ఒక్కటీ లేదు. అందుకే ఆమె తరఫున మేం ఏమీ చేయలేకపోయాం. ఆ సిగ్గు నాది కూడా. ఎందుకంటే అప్పుడు నేను సంఘంలో ఉన్నాను, రెగ్యులర్ టీచర్ల డి.ఎ. బకాయిల కోసం ధర్నాలు చేస్తున్నాను. మా పక్క గదిలో పాఠం చెప్పే ఆడమనిషి మా సంఘంలో సభ్యురాలు కాదని ఆమె సంగతి పట్టించుకోలేదు. మీరు ఆ తప్పు చేయకండి. సంఘాల్లో ఉన్న టీచర్లను నిలదీయండి. కాంట్రాక్టు టీచర్లకు సభ్యత్వం ఇమ్మనండి, వాళ్ల సెలవు డిమాండును మొదటి పేజీలో రాయమనండి.

ఇక్కడి నుంచి వెళ్లాక మీ మండలంలో బడుల్లో పనిచేసే ఆడవాళ్ల జాబితా ఒకటి రాయండి. పేరు, ఏ రకం నియామకం, ఎంత జీతం, ప్రసూతి సెలవు దొరికిందా లేదా - ఈ నాలుగు గళ్లు చాలు. వచ్చే సమావేశానికి ఆ జాబితాలు తెచ్చుకుని కూర్చుందాం. అప్పుడు మాట్లాడవలసింది నేను కాదు, ఆ జాబితాలో ఉన్నవాళ్లు.